నోవహు ఓడలో ఎక్కినవి రెండేసా, ఏడేసా?

పాడిరైతు:
చిన్నప్పుడు సండే స్కూల్లో 'రెండేసి' అనే పాడుకున్నాం. మొన్న మా అమ్మాయికి బైబిల్లోని ఆదికాండములో జలప్రళయం కథ చదివి వినిపిస్తూ ఆగిపోయాను. 6:19లో ప్రతి జాతిలో రెండేసి ఎక్కించమని ఉంది. పేజీ తిప్పేలోపే 7:2లో పవిత్ర జంతువులైతే పోతులు ఏడు, పెంటులు (ఆడవి) ఏడు అంటుంది. ఏది నిజం? తేదీలు కూడా తప్పనిపిస్తోంది: ఒకచోట నలభై రోజులంటుంది, ఇంకోచోట 150 అంటుంది. ఇంకోటి, మా కొట్టంలో ఉన్నవి రెండు గేదెలు. ఒక్కోటీ రోజుకి పదిహేను కిలోలకు తక్కువ కాకుండా పేడ వేస్తుంది. ఓడలో మనుషులు ఎనిమిదిమంది, లోపల ఉన్నది ఏడాదికి పైగా. కిటికీ చూస్తే మూరెడు. ఎత్తిపోసిందెవరు?

బెరయవాసి:
వందనాలు బ్రదర్. 6:19 మొత్తం మీద చెప్పిన మాట, 7:2 దాని వివరం. ఓడ దిగగానే నోవహు పవిత్ర జంతువులను బలి ఇచ్చాడు (8:20). జంటే ఉంటే ఆ జాతి అక్కడితో సరి. అందుకే ఏడు. 7:9లో పవిత్రమైనవి కూడా జతజతలుగానే వచ్చాయని ఉంది చూడండి. జత అంటే వచ్చిన తీరు, లెక్క కాదు.

పాతకాగితం:
బలి సంగతి బాగా పట్టారు. కానీ ఏది పవిత్రమో ఏది కాదో చెప్పే లేవీయకాండము 11 మోషే కాలానిది కదా, నోవహుకెలా తెలిసింది?
నేను చూపేది వేరు. హీబ్రూ అక్కర్లేదు, మన తెలుగు బైబిలు చాలు. రెండేసి అని చెప్పింది 'దేవుడు'. ఏడేసి అని చెప్పింది 'యెహోవా'. 6:22లో నోవహు చెప్పినట్టు చేశాడు, 7:5లో మళ్లీ చేశాడు. రెండు కథనాలను ఒక్కటిగా అల్లారని పండితులు అంటున్నది ఇందుకే. పేర్ల తేడాను బట్టి ఆదికాండాన్ని విడదీసి చూపిన ఫ్రెంచి వైద్యుడు జాన్ ఆస్త్రుక్ పుస్తకం 1753 నాటిది.

బెరయవాసి:
మరి 7:16? ఒకే వచనంలో 'దేవుడు' ఆజ్ఞాపించాడు, 'యెహోవా' తలుపు మూశాడు. ఒక్క వాక్యం కూడా ఇద్దరు రాశారా?

పాతకాగితం:
అతుకు సరిగ్గా అక్కడే పడిందంటారు వాళ్లు. మీకది అడ్డంకి, నాకది కుట్టు.

లెక్కలమాస్టారు:
నేను నాస్తికుణ్ణి. అయినా తేదీలు తప్పని ఎవరైనా అంటే ఒప్పుకోను. వేసి చూశాను. రెండో నెల 17న వాన మొదలు, ఏడో నెల 17న ఓడ అరారాతు కొండల మీద నిలిచింది. అయిదు నెలలు, నెలకి ముప్ఫై చొప్పున 150 రోజులు. 7:24లోనూ 150. నలభై రోజులు వాన కురిసిన కాలం, దాన్ని దీనితో కలపకండి. మరి కొండ కొనలు పదో నెల ఒకటిన గాని కనబడలేదేం? ఓడ ఎత్తు 30 మూరలు, నీళ్లు కొండల పైన 15 మూరలు. ఓడ సగం మునిగి తేలిందనుకుంటే దాని అడుగుభాగం నీటి కిందున్న శిఖరానికే తగిలింది, కొన బయటపడడానికి ఇంకో రెండున్నర నెలలు పట్టింది. రాసినవాడికి లెక్క తెలుసు.
ఇక కొలత. 300 మూరలంటే సుమారు 135 మీటర్లు. 1909లో అమెరికాలో కట్టిన వయోమింగ్ అనే కొయ్య ఓడ చెక్కబాడీ అంతకన్నా చిన్నదే. అయినా అలలకు పలకలు వంగి నీళ్లు కారుతుంటే పంపులతో తోడుతూ నడిపేవారు. 1924లో మునిగిపోయింది.

గంగిరెద్దు:
మన వైదిక గ్రంథం శతపథ బ్రాహ్మణంలోనూ జలప్రళయం ఉంది, అందులో మనువుకి ఈ గోలే లేదు. ఒక్కడే ఎక్కాడు, చేప కొమ్ముకి తాడు కట్టాడు, ఉత్తరగిరికి చేరాడు. పేడ లేదు 😀

పాతకాగితం:
మెసొపొటేమియా వాళ్ల పాత కావ్యం గిల్గమేషులో, మట్టి పలకల్లో పదకొండోదానిలో, అక్కడి జలప్రళయం నుంచి బయటపడ్డ ఉత్నపిష్టిం ఓడ పొడవూ వెడల్పూ ఎత్తూ అన్నీ 120 మూరలే, పెట్టెలాగ! వాన ఆరు పగళ్లు, ఏడు రాత్రులు. చివర్లో పావురం, వానకోయిల, కాకి. నోవహుది ముందు కాకి, తర్వాత పావురం. 1872లో లండన్‌లో జార్జ్ స్మిత్ ఆ పలక చదివేదాకా ఇన్ని పోలికలున్నాయని ఎవరికీ తెలియదు.

పాడిరైతు:
మాస్టారూ, తేదీల దగ్గర నేనే తొందరపడ్డాను. పావురం తెచ్చిన ఒలీవ ఆకు మాత్రం మింగుడు పడట్లేదు. మా చేలో పది రోజులు నీళ్లు నిలిస్తే నిమ్మచెట్లు వేళ్లు కుళ్లి పోయాయి. నెలల తరబడి మునిగిన చెట్టుకి పచ్చని ఆకు ఎక్కడిది? పేడ సంగతి కూడా ఇంకా ఎవరూ చెప్పలేదు.

బెరయవాసి:
జంతువులను దేవుడు నిద్రపుచ్చి ఉండవచ్చని కొందరు బోధకులు చెబుతారు. వాక్యంలో అది లేదు, మేత కూర్చుకోమని 6:21లో ఉంది కూడా. కాబట్టి నేనైతే ఆ మాట అనను బ్రదర్.