మనం చూడనప్పుడు ఆటలోని ఊళ్లు ఎలా బతుకుతాయి?

గుత్తికోట_నీడ, అనంతపురం జిల్లా

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 ఆటలో ఒక పల్లెవాసిని పుట్టించడానికి 50 ఆహారం ఖర్చవుతుంది. ఆ తరువాత అతడు చెట్లు కొట్టి, రాళ్లు పగలగొట్టి, ఇళ్లు కట్టి, చచ్చేదాకా ఒక్క ముద్ద కూడా అడగడు. మరి మనం పోగు చేసిన మిగతా ఆహారమంతా ఎవరు తింటున్నారు? అరేబియా అనే మ్యాపులో కనుచూపు మేర చుక్క నీరు లేని ఇసుక నేల మీద కూడా పొలం పచ్చగా ఎలా పండుతుంది? అన్నిటికంటే నన్ను ఎక్కువగా వేధించే ప్రశ్న మూడోది. మనం తెరను మరో దిక్కుకు జరిపినప్పుడు, లేదా ఆట ఆపి నిద్రపోయినప్పుడు, ఆ ఊరి జనం ఏం చేస్తుంటారు? ఏ ఆట గురించైనా సరే, మీరు స్వయంగా గమనించినవి రాయమని కోరుతున్నాను.

మూడో_బోరు, అనంతపురం జిల్లా

మిగతా ప్రశ్నల సంగతి నాకు తెలియదు కాని, ఆ పొలం మాట ఎత్తారు కాబట్టి రాయక తప్పడం లేదు. మా నాన్న వేయించిన మొదటి బోరు రెండేళ్లు పోసి ఎండిపోయింది, రెండోదానిలో నీళ్లే పడలేదు, మూడోది 900 అడుగులు దాటినా దుమ్ము తప్ప ఏమీ రాలేదు. అదే సంవత్సరం వేరుశనగ ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేయడంతో పైరును పశువులకు వదిలేశాం. ఆ రోజుల్లో నేను హాస్టల్లో కూర్చుని ఈ ఆట ఆడుతూ, 60 కలప పెట్టగానే ఇసుకలో పండిపోయే పొలాన్ని చూసినప్పుడల్లా గొంతులో ఏదో అడ్డుపడినట్టు ఉండేది. ఆట తయారు చేసినవారు మనిషికి వెల కట్టారు, కలపకు వెల కట్టారు, రాతికి, బంగారానికి కట్టారు, నీటికి మాత్రం కట్టలేదు. సేద్యం తెలిసినవాడు ఎవడూ ఆ పొలాన్ని పొలమని ఒప్పుకోడు.

పాత_సేనాపతి, కర్నూలు

నేను ఈ ఆటను 2001 నుంచి ఆడుతున్నాను, మ్యాపులు సొంతంగా తయారు చేసిన అనుభవం కూడా ఉంది, కాబట్టి నా మాటను కొంచెం శ్రద్ధగా వినండి. ఇందులో లోపమేమీ లేదు. ఆ 60 కలపలోనే నీటి ఖర్చు దాగి ఉంది. పూర్వం మన ఊళ్లలో బావి నీళ్లు తోడే ఏతాం కట్టాలన్నా, కపిలతో తోడాలన్నా కావలసింది కర్రే కదా! ఆటలో గీసిన బొమ్మ చిన్నది కాబట్టి బావి కనబడదు, అంతే. పొలం 250 ఆహారం ఇచ్చి అయిపోతుంది, మళ్లీ 60 కలప పెట్టాలి. అంటే ఏతాం విరిగిపోయిందని, దాన్ని మళ్లీ కట్టుకున్నామని అర్థం. లోకం లెక్క తెలియకుండా తప్పు పట్టడం సరికాదు.

మూడో_బోరు, అనంతపురం జిల్లా

ఏతాం కట్టాలంటే ముందు దాని కింద బావి ఉండాలి, బావిలో నీళ్లు ఉండాలి. కర్ర ఉంటే నీరు వస్తుందనుకునే మాట కాలువ కింద పుట్టినవారు మాత్రమే అనగలరు. 2022లో ద్రావిడులను ఆటలో చేర్చినప్పుడు ఎంతో ఆశతో కొన్నాను. వారి జాలరులు ఒక్కో విడతకు ఎక్కువ చేపలు మోసుకొస్తారు, కాని ఆ జాతికి కూడా కట్టుకోవడానికి ఒక చెరువు లేదు. దక్షిణాది రాజ్యాలు చెరువు లేకుండా బతికాయని అంటారా మీరు?

లెక్కల_పంతులు, నంద్యాల

సేనాపతి గారు ఒక పొరపాటు చేశారు. 250 ఆహారం ఇచ్చే పొలం మొదటి ఆటలోనిది. 1999లో వచ్చిన రెండో ఆటలో పొలం మొదట 175 మాత్రమే ఇస్తుంది. తిరగలి అనే కట్టడం దగ్గర గుర్రపు మెడపట్టీ అనే విద్య నేర్పిస్తే 75, బరువు నాగలితో 125, పంట మార్పిడితో మరో 175 కలిసి మొత్తం 550 అవుతుంది. నా దృష్టిలో అసలు ఆలోచించవలసింది ఇక్కడే ఉంది. పంట మార్పిడి నేర్చుకుంటే పొలం ఎక్కువ కాలం నిలుస్తుందంటే, ఆ పొలం అయిపోవడానికి కారణం నీరు కాదు, నేలలో సారం తగ్గడం. యూరప్ వానల మధ్య పెరిగిన రైతు భయం అది. వారికి నేల అలసిపోతుందనే దిగులు ఉంటుంది కాని, నీరు రాదనే దిగులు ఉండదు. ఆ దిగులునే అరేబియా ఇసుకలోనూ పరిచారు.

పాత_సేనాపతి, కర్నూలు

అంకె విషయంలో పొరపాటు నాదే, ఒప్పుకుంటున్నాను. కాని కాలువ కింద పుట్టినవారు అనే మాటను మూడో బోరు గారు వెనక్కి తీసుకోవాలి. మా ఇల్లు తుంగభద్ర ఒడ్డున పాత ఊళ్లో ఉంది. 2009 అక్టోబరులో నది ఊరి మీదకు వచ్చినప్పుడు నా మొదటి కంప్యూటరు, అందులో నేను నాలుగేళ్లు కష్టపడి తయారు చేసిన మ్యాపులు, మా అమ్మ కుట్టు మిషను, అన్నీ బురదలో కలిసిపోయాయి. నీటి విలువ నాకు తెలియదని ఎవరూ చెప్పనక్కరలేదు.

మూడో_బోరు, అనంతపురం జిల్లా

ఆ విషయం తెలియక అన్నాను అన్నా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఏతాం సంగతి మాత్రం ఒప్పుకోను.

ఎర్రనేల_టమోటా, కర్నూలు జిల్లా

నీటి గురించి ఇంత రాస్తున్నారు, పండిన తరువాతి సంగతి ఎవరూ అడగడం లేదు. స్టార్‌డ్యూ వ్యాలీ అనే సేద్యపు ఆటలో టమోటా విత్తనం 50కి కొంటాం, 11 రోజులకు కాపు మొదలై, తరువాత నాలుగు రోజులకొకసారి కోతకు వస్తుంది, మామూలు రకం కాయ ఒక్కొక్కటి 60 పలుకుతుంది. పది కాయలు వేసినా 60, వెయ్యి కాయలు వేసినా 60. ఇంటి ముందరి పెట్టెలో వేస్తే రాత్రికి ఊరిపెద్ద లూయిస్ వచ్చి తీసుకుపోతాడు, తెల్లవారేసరికి డబ్బు చేతిలో ఉంటుంది. కమీషన్ లేదు, తరుగు లేదు, బండి బాడుగ లేదు. ఒకసారి మా కాపు మండీకి చేరేసరికి, కోత కూలికి కూడా సరిపోని ధర పలికింది. పెట్టెలన్నీ రోడ్డు పక్కన కుమ్మరించి ఖాళీ పెట్టెలతో తిరిగొచ్చాం. ఆ రాత్రి ఆట తెరిచి, ఆ లూయిస్ ఈ టమోటాలన్నీ ఎవరికి అమ్ముతున్నాడు, ఎలా గిట్టుబాటవుతోంది అని నిజంగానే కూర్చుని లెక్క వేశాను. ముప్ఫై, నలభై మందికి మించని ఆ ఊరు అన్ని టమోటాలు తినలేదు. ఊరి బయట అంతులేని ఆకలి ఉన్న పట్నం ఒకటి ఉండాలి, లేదా ఆ పెద్దమనిషి ఎక్కడో అప్పులపాలవుతూ ఉండాలి.

దీనికంటే మీరు తిడుతున్న ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ బజారే నిజాయితీ గలది. అక్కడ ఆహారం 100 చొప్పున అమ్మినకొద్దీ ధర పడిపోతూనే ఉంటుంది, కొన్నకొద్దీ పెరుగుతుంది, ప్రతి బేరంలోనూ కొంత కోత పడుతుంది. నా పదకొండేళ్ల తమ్ముడికి మండీ అంటే ఏమిటో నేను ఆ బజారుతోనే నేర్పించాను.

నెట్‌సెంటర్_నాలుగో_సిస్టమ్, కడప

గుత్తికోట గారు అడిగిన మూడో ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు రాస్తాను. ఇంటర్మీడియట్ రోజుల్లో నెట్ సెంటర్లో గంటకు 15 రూపాయలు చెల్లించి, పట్నం వీధుల్లో కార్లు నడిపే వైస్ సిటీ అనే ఆట ఆడేవాడిని. నా చేతిలో డబ్బు తక్కువ, అందువల్ల పోరాటాలు మానేసి ఒకే కూడలిలో నిలబడి జనాన్ని చూసేవాడిని. ఎదురుగా వచ్చిన మనిషి వెంట నడిచి, ఒక్క క్షణం వెనక్కి తిరిగి మళ్లీ చూస్తే ఆ మనిషి ఉండేవాడు కాదు. ఇల్లు లేదు, వాకిలి లేదు, మన చూపు మేరకే పుట్టి మన చూపు దాటగానే మాయమయ్యేవారు. ఇంకో విచిత్రం ఏమిటంటే, మనం ఏ రకం కారు ఎక్కితే ఊరంతా అదే రకం కార్లు తిరిగేవి. ఆ ఆటను మొదట తయారు చేసిన ప్లేస్టేషన్ 2 యంత్రానికి మొత్తం 32 మెగాబైట్ల జ్ఞాపకశక్తి మాత్రమే ఉండడంతో, ఒకేసారి కొన్ని రకాల బండ్లను మాత్రమే గుర్తుంచుకోగలిగేది, మనం నడిపే బండి ఎలాగూ గుర్తులో ఉంటుంది కాబట్టి దాన్నే వీధుల్లోకి వదిలేది. ఇది నాకు చాలా ఏళ్ల తరువాత తెలిసింది. తెలిసిన రోజున బాధ కలిగింది, ఎందుకంటే ఆ కూడలిలోని మనుషులకు నేను పేర్లు కూడా పెట్టుకున్నాను.

తుగ్గలి_తొలకరి, కర్నూలు జిల్లా

జెల్డా ఆటల్లో గడ్డి కోస్తే డబ్బు రాలుతుంది. ఆ నాణేలకు రూపీ అనే పేరు, చూడటానికి రత్నాల్లా ఉంటాయి, పచ్చది ఒకటి, నీలం అయిదు, ఎరుపు ఇరవై. గడ్డిలో రత్నాలు ఎక్కడైనా ఉంటాయా అని పట్నం స్నేహితులు అంటే నాకు కోపం వస్తుంది. మా తుగ్గలి, జొన్నగిరి వైపు తొలకరి వాన పడగానే ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి, చెట్ల కింద వండుకు తింటూ, చేలల్లో వంగి వజ్రాలు వెతుకుతారు. దొరికినవారూ ఉన్నారు, అప్పు చేసి వచ్చి వట్టి చేతులతో పోయినవారూ ఉన్నారు. కాబట్టి ఆ ఆటలో తర్కం లేనిది గడ్డిలో రత్నం దొరకడం కాదు. ఆ గడ్డి ఎవరి చేనులోదో ఆ మనిషి బయటికి వచ్చి అడగకపోవడం. విత్తనం వేసిన చేను తొక్కేస్తుంటే గట్టు మీద నిలబడి అరిచే మా పెద్దనాన్న లాంటివాడు ఆ లోకంలో ఒక్కడు కూడా లేడు.

పాత_సేనాపతి, కర్నూలు

వజ్రాల ముచ్చటకు వేరే చర్చ తెరుచుకోవచ్చు. ఇక టమోటా గారికి ఒక మాట చెప్పాలి. స్టార్‌డ్యూ వ్యాలీని ఎరిక్ బారోన్ అనే ఒకే ఒక్క మనిషి, బొమ్మలూ సంగీతమూ సహా, ఏళ్ల తరబడి కూర్చుని తయారు చేసి 2016లో విడుదల చేశాడు. ఒక్క మనిషి నుంచి మండీ లెక్కలు కూడా ఆశించడం న్యాయం కాదు. ఆ ఊళ్లో ప్రతి మనిషికీ వారాన్ని బట్టి, రుతువును బట్టి, వానను బట్టి వేరు వేరు దినచర్య ఉంటుంది, మనం చూడకపోయినా వారు నడుస్తూనే ఉంటారు. బుధవారం పియర్ దుకాణం మూసి ఉంటుంది. మూడో ప్రశ్నకు వైస్ సిటీ జవాబు ఒకటైతే, ఇది రెండో జవాబు.

ఎర్రనేల_టమోటా, కర్నూలు జిల్లా

ఒక్కడే చేశాడని నాకూ తెలుసు, ఆయన మీద గౌరవమూ ఉంది. ధర పడిపోకపోవడం తప్పు అని నేను ఎక్కడా అనలేదు. దయచేసి మళ్లీ చదవండి. అలాంటి ధర ఉంటే ఊరు ఎంత ప్రశాంతంగా ఉంటుందో ఆ ఆటలో చూశాను, ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోవాలనుకున్నాను. అంతే.

పోరుమామిళ్ల_కట్ట, కడప జిల్లా, ప్రస్తుతం కువైట్

చర్చ మొత్తం రెండు రాత్రులు చదివాను. చెరువు మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను. మా ఊరి చెరువు శాసనం 1369 నాటిది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువును కట్టించాడు. వెయ్యి మంది కూలీలు రెండేళ్లు పని చేశారని, రాతిపనికి వంద బండ్లు నడిచాయని అందులో ఉంది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను కూడా చెక్కించారు. నీరు తక్కువై భూమి ఎక్కువ కావడం ఆ దోషాల్లో ఒకటి. ఆరు వందల ఏళ్ల క్రితమే మనవాళ్లు ఇలాంటి నియమాల పట్టిక రాసి పెట్టారంటే, ఆట తయారు చేసేవారికి అంతకంటే సిద్ధంగా ఉన్న సరుకు ఏముంటుంది?

మా అబ్బాయి ఆరో తరగతి, ఊళ్లోనే ఉంటాడు. నాకు ఇక్కడ రాత్రి ఎనిమిదైతే అక్కడ పదిన్నర, అందువల్ల సెలవు ముందు రాత్రుల్లో మాత్రమే ఇద్దరం కలిసి, గడులు పేర్చి కట్టుకునే మైన్‌క్రాఫ్ట్ ఆట ఆడతాం. అందులో ఒక గడి ఒక మీటరు కాబట్టి, చిన్న కొలతలో మా చెరువు కడదామని మొదలుపెట్టాం. అక్కడే ఆ లోకపు రహస్యం బయటపడింది. వాగును మళ్లిస్తే నీరు చదునైన నేల మీద ఏడు గడులు పారి ఆగిపోతుంది, మళ్లీ పారాలంటే ఒక మెట్టు దించాలి. చెరువులోకి చేరిన నీరు అడుగున పలుచగా పరుచుకుంటుందే గాని, ఎన్నాళ్లు ఆగినా మట్టం పెరగదు. ఆ లోకంలో చెరువు నిండదు. బక్కెట్లతో గడి గడికీ మేమే పోసుకోవలసి వచ్చింది. అలాగని కరువు కూడా లేదు, ఎందుకంటే నాలుగు గడుల గుంతలో ఎదురెదురు మూలల్లో రెండు బక్కెట్లు పోస్తే ఎంత తోడినా తరగని నీరు తయారవుతుంది. పొలం మధ్యలో ఒక్క గడి నీరుంటే చుట్టూ నాలుగు గడుల దూరం వరకు నేల తడుస్తుంది. నీరే లేకపోయినా పైరు చావదు, ఆలస్యంగా పెరుగుతుంది. తరగని నీరు ఉన్నచోట నిలవ చేయవలసిన అవసరం లేదు కాబట్టి చెరువు అనే ఊహే ఆ లోకానికి తట్టలేదని నాకనిపించింది.

మూడో_బోరు, అనంతపురం జిల్లా

అన్నా, తూము పెట్టారా? తెరిచినప్పుడు మట్టం తగ్గిందా?

పోరుమామిళ్ల_కట్ట, కడప జిల్లా, ప్రస్తుతం కువైట్

పెట్టాం. తెరిస్తే కాలువలో నీరు పారింది, చెరువు మట్టం మాత్రం గడి అయినా తగ్గలేదు. మా అబ్బాయి సంతోషించాడు, నాకు ఏమి చెప్పాలో తోచలేదు. నిండిన చెరువు నీరు పొర్లిపోయే మరవ కూడా కట్టాం, దాని మీదుగా నీరు ఎప్పుడూ పొర్లదు.

గుత్తికోట గారి మూడో ప్రశ్నకు మా దగ్గర మూడో జవాబు ఉంది. మైన్‌క్రాఫ్ట్‌లో ఆటగాడు దూరంగా పోతే ఆ ప్రాంతం ఉన్నదున్నట్టు ఆగిపోతుంది. పైరు పెరగదు, పశువు కదలదు, ఊరివారు అడుగు వేయరు. తిరిగి ఎవరైనా దగ్గరికి రాగానే ఆగిన చోటి నుంచి మొదలవుతుంది. మొన్న నేను రాగి గనుల కోసం చాలా దూరం వెళ్లవలసి వచ్చి, ఆయకట్టు గోధుమ ఏమవుతుందోనని అడిగితే, నువ్వు పోయిరా నాన్నా, నేను కట్ట మీద నిలబడతాను అన్నాడు. అర్ధరాత్రి దాకా ఏ పనీ చేయకుండా అక్కడే నిలబడ్డాడు. నేను తిరిగొచ్చేసరికి గోధుమ కోతకు వచ్చింది.

గుత్తికోట_నీడ, అనంతపురం జిల్లా

అన్నా, ఆ చెరువును చూడటానికి మీ సర్వర్‌లోకి ఒకసారి రానిస్తారా? మీరిద్దరూ లేని వేళల్లో కట్ట మీద నేను నిలబడతాను.