అద్దం ముందున్న ఆమెకేనా రూపగర్వం?

రంగులపెట్టె:
హాన్స్ మెమ్లింగ్ 1485 ప్రాంతంలో వేసిన చిన్న చిత్రఫలకాలు స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్నాయి. ఒకదానిలో వివస్త్రగా నిలబడిన యువతి, చేతిలో అద్దం. తోడుగా మృత్యువుకో ఫలకం, దయ్యానికో ఫలకం. అందం చూసుకుని మురిసిపోతే గతి ఇదేనని బెదిరింపు. నా అభ్యంతరం ఒక్కటే. పాత ఐరోపా చిత్రాల్లో రూపగర్వమనే నేరాన్ని పేరూ ఊరూ లేని స్త్రీ మీద మోపారు. పేరున్నవాళ్లు అంతకు పదింతలు సింగారించుకుంటే వైభవమన్నారు. మీరేమంటారు?

గోడగడియారం:
అంత తేలిగ్గా ఒప్పుకోలేనండీ. లండన్ నేషనల్ గ్యాలరీలో డచ్ చిత్రకారుడు హార్మెన్ స్టీన్‌వైక్ చిత్రం ఉంది, 1640 నాటిది. అందులో ఆడమనిషే లేదు. పుర్రె, పుస్తకాలు, ఊదే వాద్యాలు, జపాను కత్తి, పెద్ద గవ్వ, కొడిగట్టిన దీపం. చదువు, సంగీతం, సంపద ఏదీ వెంట రాదని చెప్పడమే దాని పని. పండితుల గర్వాన్ని కూడా వదిలిపెట్టలేదు కదా!

రంగులపెట్టె:
వదిలిపెట్టలేదు, నిజమే. కానీ అక్కడ దోషులు పుస్తకాలు. వాటిని చదివినవాడి ముఖం ఎక్కడా లేదు.

మగవాడి ముఖం కావాలంటే పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియానికి వెళ్దాం. ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీని రిగో 1701లో చిత్రించాడు. రాజుకు అరవై దాటాయి. అయినా బరువైన రాజవస్త్రాన్ని భుజం మీదికి ఎగదోసి, తెల్లని మేజోళ్లు, ఎర్ర మడమల జోళ్లు కనిపించేలా నాట్యగాడిలా కాలు చాచి నిలబడ్డాడు. స్పెయిన్ గద్దెనెక్కిన మనవడికి పంపాలని వేయించి, మనసు రాక తన దగ్గరే ఉంచేసుకున్నాడు! అదే ఏడాది వెర్సాయ్ రాజభవనంలో తన పడకగదిని భవనానికి నట్టనడుమకు మార్పించాడు. అక్కడ నిద్ర లేవడం కూడా కొలువే. మంచానికి ముందు పూత పూసిన కటకటాలు, వాటిని దాటి లోపలికి ఎవరు రావచ్చో చెప్పే మర్యాదలు. చొక్కా అందించడమంటే గొప్పింటివాళ్లకు గౌరవం. ఇంత చేసినా ఆ మంచాన్ని చూసి రూపగర్వమని ఎవరూ ముక్కు విరవరు.

వెన్నెలవీధి:
పడకగది కొలువైతే అలంకరణ బల్ల కూడా కొలువే. బూషే చిత్రించిన పొంపదూర్‌ను చూడండి, పదిహేనో లూయీ ప్రియురాలు. ఒక చేతిలో బుగ్గలకు ఎరుపు అద్దే చిన్న కుంచె, మణికట్టుకు ఆ రాజు ముఖం చెక్కిన కంకణం. చూపు మాత్రం అద్దం మీద లేదు, మన మీద ఉంది. ఆ బల్ల దగ్గరే ఆమె ఆస్థానపు పెద్దలను కలిసేది. ఆ సింగారం ఆమె ఉద్యోగంలో భాగమని నా అభిప్రాయం.

సూటిమాట:
స్పెయిన్ చిత్రకారుడు వెలాస్క్వెజ్ వేసిన వీనస్ దేవతను మరిచారేం? మనకు వీపు చూపించి పడుకుని, ఎదురుగా అద్దం పెట్టుకుంది. అద్దంలో ఆమె ముఖం మనకు కనిపిస్తోందంటే, ఆ అద్దంలో ఆమెకు కనిపించేది మనమే. తన అందం చూసుకుని మురిసిపోతోందనే అభియోగం అక్కడికక్కడే కొట్టుడుపోతుంది. 1914లో స్త్రీల ఓటుహక్కు కోసం పోరాడిన మేరీ రిచర్డ్‌సన్ ఆ చిత్రాన్ని కత్తితో చీల్చింది. మగవాళ్లు రోజంతా నోరెళ్లబెట్టి చూడటం తనకు గిట్టలేదని చాలా ఏళ్ల తర్వాత చెప్పింది. నా లెక్కలో గర్వం సంగతి అడగాల్సింది ఆ గుంపును.

గోడగడియారం:
సూటిమాట గారి మాట బాగుంది గానీ, మొదటి వాదన ఇంకా నిలబడలేదు. పేరుంటే తప్పించుకున్నట్టేనా? పొంపదూర్ మీద పారిస్‌లో దెప్పిపొడుపు పాటలు కట్టి పాడుకున్నారు. పేరు ఆమెను ఏం కాపాడింది?

రంగులపెట్టె:
చిత్రంలో కాపాడింది, వీధిలో కాపాడలేదు. ఇది ఒప్పుకోక తప్పదు. అయితే ఆ పాటలు ఆమె సామాన్య కుటుంబంలో పుట్టిన సంగతినే పదేపదే ఎత్తిపొడిచాయి. పడకగదిలో కొలువు తీరడం రాజుకు పుట్టుకతో వచ్చిన హక్కు. అదే పని ఆమె చేస్తే అరువు సొమ్ముతో కులికినట్టు చూశారు. కాబట్టి నా మాటను కొంచెం సవరిస్తాను: పేరు ఒక్కటే చాలదు, ఆ పేరు వెనక వంశం కూడా ఉండాలి. మీ డచ్ పుర్రెల మీద మాత్రం నాకింకా అనుమానమే. ఏదీ వెంట రాదని చెప్పే ఆ చిత్రాలను కొన్నవాళ్లు వాటిని ఇంట్లో నలుగురికీ కనిపించేలానే తగిలించుకుని ఉంటారు కదా?