‘రన్’ అన్న ప్రతిచోటా ‘అమలు’ అనేస్తే సరిపోతుందా?

పదపీఠం:
సాఫ్ట్‌వేర్ తెలుగు పదకోశంలో ‘రన్’కు ఎక్కడైనా ‘అమలు చేయి’ అనే ఉండాలని ప్రతిపాదన వచ్చింది. నేను ఒప్పుకోను. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు కొత్త కూర్పు ఈ ఒక్క క్రియకే 645 అర్థాలు ఇచ్చింది. మనకు కాలువ పారుతుంది, ముక్కు కారుతుంది, కొత్త బట్ట రంగు దిగుతుంది, బస్సు తిరుగుతుంది, సినిమా ఆడుతుంది, అభ్యర్థి ఎన్నికల్లో నిలబడతాడు. ఇంగ్లీషులో ఇవన్నీ ‘రన్’లే. ఏది ‘రన్’ అవుతోందో చూడకుండా తెలుగు మాట ఎలా ఎంచుతాం?

కోడ్‌గూడు:
కాలువలూ ముక్కులూ మన తెర మీదకు రావు కదండీ. ఒకే బటన్ ఒక పేజీలో ‘నడుపు’, ఇంకో పేజీలో ‘మొదలుపెట్టు’ అని ఉంటే వాడేవాళ్లు రెండు వేర్వేరు పనులనుకుంటారు. సహాయ పేజీలో వెతికినా దొరకదు. ఒకే మాట ఉండాల్సిందే.

పదపీఠం:
బటన్ వరకూ సరే. కానీ ‘అమలు’ అంటే మనవాళ్లకు చట్టం, జీవో, పథకం. సెట్టింగుల్లో ‘పాలసీని అమలు చేయి’ ముందే ఉంది. దాని పక్కనే ‘స్క్రిప్ట్‌ను అమలు చేయి’ అని పెడితే ఒకటి నిబంధన విధించడం, ఇంకొకటి ప్రోగ్రామును కదిలించడం అని ఎలా తెలుస్తుంది? ‘నడుపు’ అయితే ఆ చిక్కు లేదు. పైగా జంట ఉంది: మనం నడుపుతాం, అది నడుస్తుంది. బటన్ మీద ‘నడుపు’, స్థితి చూపేచోట ‘నడుస్తోంది’. డిస్కులో చోటు ‘రన్ అవుట్’ అవుతోందన్న హెచ్చరికకు మాత్రం ఇవేవీ పనికిరావు, ‘చోటు అయిపోవస్తోంది’ అనాలి.

వరుససంఖ్య:
ఇద్దరూ అసలు తప్పు జరిగేచోటు వదిలేశారు. గెట్‌టెక్స్ట్ (సాఫ్ట్‌వేర్ తెర మీది మాటలను అనువదించే పరికరం) వాడే ప్రాజెక్టుల్లో ‘రన్’ అన్న స్ట్రింగు, అంటే తెర మీద కనిపించే మాట, పది చోట్ల ఉన్నా, సందర్భం ఇవ్వకపోతే పీవో ఫైలులో (అనువాదాలు రాసే ఫైలు) ఒకే ఎంట్రీగా కలిసిపోతుంది. బటన్‌కని ‘నడుపు’ అని రాస్తే, క్రికెట్ స్కోరు పట్టికలోనూ ‘నడుపు’ అనే పడుతుంది. కోడులో పీగెట్‌టెక్స్ట్‌తో (సందర్భం జోడించే గెట్‌టెక్స్ట్ రూపం) ‘బటన్’, ‘స్కోరు’ అని సందర్భాలు ఇస్తే రెండు ఎంట్రీలు వస్తాయి. స్కోరుకు బహువచన రూపాలు కూడా అడగండి: 1 పరుగు, 2 పరుగులు.

కోడ్‌గూడు:
సందర్భాలు రాయాల్సింది డెవలపర్లు. వాళ్లు రాయకపోతే?

వరుససంఖ్య:
ఎంట్రీ పైన ఫైలు పేరు, లైను సంఖ్య ఉంటాయి. అవి తెరిచి చూసి, సందర్భం కావాలని డెవలపర్లకు బగ్ (లోపం ఉందన్న ఫిర్యాదు) వేయండి. అది తేలేదాకా ‘రన్’ అనే ఉంచండి. బటన్‌కూ స్కోరుకూ తప్పుకాని మాట అదొక్కటే.

పదపీఠం:
తాత్కాలికంగా అయితే ఒప్పుకుంటాను. పదకోశంలోకి మాత్రం ‘నడుపు’నే పంపుతున్నాను.