బ్రూస్ వెళ్లాక వచ్చిన ‘ది ఎక్స్ ఫ్యాక్టర్’ మీకు ఎప్పుడు ఎక్కింది?

రాత్రిబండి:
ఇంగ్లండ్ హెవీ మెటల్ బ్యాండ్ ఐరన్ మెయిడెన్ వినేవాళ్లకు ఒక ప్రశ్న. 1995లో వచ్చిన వాళ్ల ఆల్బమ్ ‘ది ఎక్స్ ఫ్యాక్టర్’ని నేను చాలా ఏళ్లు పక్కన పెట్టేశాను. అంతకుముందు పాడిన బ్రూస్ డికిన్సన్‌కు అలవాటుపడ్డ చెవికి, ఆయన స్థానంలో వచ్చిన బ్లేజ్ బేలీ గొంతు మరీ బరువుగా అనిపించేది. పోయిన నెల నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు, రాత్రిళ్లు వరండాలో కూర్చుని మొత్తం విన్నాను. ‘సైన్ ఆఫ్ ది క్రాస్’ మొదట్లో చర్చిలో పాడుతున్నట్టు ఆ బృందగానం, దాని వెనకే మెల్లగా బాస్. పదకొండు నిమిషాలు ఎలా గడిచాయో తెలియలేదు. వీళ్లు ఇంత చీకటి ఆల్బమ్ ఎందుకు చేశారు?

నాలుగుతీగలు:
నాన్నగారు ఇప్పుడు ఎలా ఉన్నారు? జాగ్రత్తగా చూసుకోండి.
అప్పుడు బ్యాండ్‌లో బాస్ వాయించే స్టీవ్ హారిస్ విడాకుల బాధలో ఉన్నాడు. పైగా 1993లో బ్రూస్ వెళ్లిపోయాడు. రికార్డింగ్ ఎసెక్స్‌లో హారిస్ సొంత స్టూడియోలోనే. ‘జడ్జ్‌మెంట్ ఆఫ్ హెవెన్’ మాటలు వినండి, ఎప్పటి నుంచో దిగులులో మునిగిన మనిషి తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు ఉంటాయి. అంతకుముందు మెయిడెన్ పాటల్లో యుద్ధాలు, చరిత్ర, దెయ్యాలు ఎన్నో ఉన్నా, ఇంత సొంత బాధ తక్కువ. నేను బాస్ వాయిస్తాను. ‘బ్లడ్ ఆన్ ది వరల్డ్స్ హ్యాండ్స్’ మొదట్లో బాస్ ఒక్కటే నడుస్తుంది. అది చేతికి రావడానికి నాకు ఒక వేసవి పట్టింది.

పాతక్యాసెట్:
పాటలు మంచివే, కానీ సౌండ్ సంగతి కూడా చెప్పుకోవాలి. గిటార్లు పొడిగా, దూరంగా వినిపిస్తాయి. 70 నిమిషాలు దాటిన ఆల్బమ్, నాకైతే మధ్యలో రెండు పాటలు తీసేయొచ్చు అనిపిస్తుంది. 1992లో ‘ఫియర్ ఆఫ్ ది డార్క్’ బ్రిటన్ చార్టులో 1వ స్థానం, ఇది 8. అభిమానులు ఎంత తడబడ్డారో అక్కడే తెలుస్తుంది.

కిందిస్థాయి:
ఇక్కడ నా అనుభవం చెప్పాలి. కాలేజీ బ్యాండ్‌లో నేను గాయకుడిని, నాది కింది స్థాయి గొంతు. మా ముందు పాడినతను పై స్థాయిలో సులువుగా పాడేవాడు. అతను వెళ్లాక అవే పాటలు, అదే శ్రుతిలో నన్ను పాడమన్నారు. మూడు షోలకే గొంతు పోయింది. శ్రుతి దించమని అడగడానికి మొహమాటం. బ్లేజ్‌కు జరిగింది కూడా ఇదే. ఆయన వుల్ఫ్స్‌బేన్ అనే బ్యాండ్ నుంచి వచ్చిన బారిటోన్, అంటే కింది స్థాయి గొంతున్న గాయకుడు. స్టేజి మీద బ్రూస్ పాటలను కూడా అదే శ్రుతిలో పాడాల్సి వచ్చింది. గొంతు సమస్యతో కొన్ని షోలు రద్దయ్యాయి కూడా. ఆయనకు కుదిరిన చోట వినండి: ‘ది ఎడ్జ్ ఆఫ్ డార్క్‌నెస్’ మొదట్లో దాదాపు మాట్లాడుతున్నట్టు పాడతాడు. ‘2 ఏ.ఎం.’లో అలసిపోయి ఇంటికొచ్చిన మనిషి ఉంటాడు. అక్కడ పై స్థాయి గొంతు పెడితే ఆ అలసటే పోతుంది.

నాలుగుతీగలు:
అవును అన్నా, మీరు చెప్పాక ‘2 ఏ.ఎం.’ మళ్లీ విన్నాను. ఇన్నేళ్లూ దాన్ని దాటేసి వెళ్లాను.

పాతక్యాసెట్:
ఒప్పుకుంటాను. 2007 మార్చిలో మెయిడెన్ బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కు వచ్చినప్పుడు హైదరాబాద్ నుంచి ఆరుగురం రైల్లో వెళ్లాం. దారంతా బ్లేజ్ గురించే గొడవ. ఒక తమ్ముడు మాత్రం ‘సైన్ ఆఫ్ ది క్రాస్’ ఆయన గొంతులోనే వినాలి అని పట్టుబట్టాడు. నేను 2001 రియో కచేరీలో, బ్యాండ్‌లోకి తిరిగొచ్చిన బ్రూస్ పాడినదే గొప్ప అన్నాను.

రాత్రిబండి:
నాన్న ఇంటికి వచ్చేశారు, అడిగినందుకు థ్యాంక్స్. రియోది కూడా నిన్న విన్నాను. బ్రూస్ పాడుతుంటే లక్షల మందికి వినిపించేలా ఉంది. కానీ ఆ వరండాలో నాకు బ్లేజ్ గొంతే కావలసి వచ్చింది, పక్క కుర్చీలో కూర్చుని పాడుతున్నట్టు. ఇదే ఆల్బమ్‌లోని ‘ది అన్‌బిలీవర్’ గురించి ఎవరూ రాయలేదేంటి?