ఇంగ్లీషు మాటలకు తెలుగు అర్థాలు బట్టీ పట్టించడం మేలా, కీడా?

కాలువగట్టు (కొత్తపేట):
మా అమ్మాయి ఎనిమిదో తరగతి చదువుతోంది. రోజుకు ఐదు ఇంగ్లీషు మాటలు, వాటికెదురుగా తెలుగు అర్థాలు రాసుకొని మర్నాడు అప్పజెప్పాలని వాళ్ల బడిలో నియమం. ఇప్పటికి రెండు నోటు పుస్తకాలు నిండాయి, మార్కులూ బాగానే వస్తున్నాయి. గత నెలలో, గేదెల కోసం రుణం తీసుకున్న బ్యాంకు నుంచి ఇంగ్లీషులో ఒక ఉత్తరం వచ్చింది. అందులో ‘టోటల్ అవుట్‌స్టాండింగ్’ అని 84,600 రూపాయలు, దాని కింద ‘ఓవర్‌డ్యూ’ అని 21,150 రూపాయలు వేసి ఉన్నాయి. అమ్మాయి తన పుస్తకం తిరగేసి, అవుట్‌స్టాండింగ్ అంటే అత్యుత్తమమైనది, విశిష్టమైనది అని చదివి వినిపించింది. వాయిదాలు తప్పిన మనిషిని బ్యాంకు మెచ్చుకోదని తెలిసినా, ఏదో ప్రోత్సాహకం కాబోలనుకొని కాగితాన్ని బీరువాలో పెట్టాను. మొన్న పొరుగాయన చూసి, అది బాకీ అని చెప్పాడు. అంత సొమ్ము ఒక్కసారిగా తెచ్చే దారి లేక, ఉన్న రెండు గేదెల్లో ఒకదాన్ని అమ్ముదామా అని ఇంట్లో మాట్లాడుకుంటున్నాము. అమ్మాయి నాలుగు రోజులుగా ఆ పుస్తకం తెరవడం లేదు. ఈ అర్థాల పద్ధతి పిల్లకు పనికొస్తుందా, మాన్పించాలా? తెలిసినవారు చెప్పగలరు.

పాత పంతులు (అమలాపురం):
నేను 31 ఏళ్లు తెలుగు మాధ్యమం బడుల్లో ఇంగ్లీషు చెప్పాను కాబట్టి, ఈ విషయంలో మాట్లాడే అర్హత కొంత ఉందనుకుంటాను. పిల్లవాడికి తెలిసిన మాట మీద కాలు పెట్టించి తెలియని మాట మీదకు ఎక్కించడమే చదువు చెప్పడం. 1852లో అచ్చయిన బ్రౌను దొర నిఘంటువు మొదలు, మన రాష్ట్రంలో ఈమధ్య వచ్చిన, ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు ఉండే పాఠ్యపుస్తకాల దాకా అందరూ నమ్ముకున్నది ఈ మార్గాన్నే. మీ అమ్మాయి విషయంలో తప్పు పద్ధతిది కాదు, ఒక్క అర్థం చెప్పి ఊరుకున్నవారిది. ఇంటరెస్ట్ అనే మాటకు ఆసక్తి అని రాయించినప్పుడే, పక్కనే వడ్డీ అని కూడా రాయించాలి. నా దగ్గర చదివినవారు ప్రతి మాటకు కనీసం రెండు అర్థాలు రాసేవారు. మాన్పించవద్దు, పెంచండి.

లొల్ల లాకులు:
మా ఊళ్లో లాకులంటే ఏమిటో, వాటి గుండా పడవ ఎత్తు నీటి నుంచి పల్లపు నీటిలోకి ఎలా దిగేదో చిన్నపిల్లలు కూడా చెబుతారు. మా వాడి నోటు పుస్తకంలో మాత్రం లాక్ అంటే తాళం అని ఒక్కటే ఉంది.

వైనతేయ ఆడపడుచు (రాజోలు):
మాస్టారికి నమస్కారం. మీరు పెంచమన్నారు, నేను పూర్తిగా మాన్పించమంటాను. నేను కువైట్‌లో 11 ఏళ్లు ఇంటిపని చేసి వచ్చాను. వెళ్లేటప్పుడు నాకు కొన్ని వందల ఇంగ్లీషు మాటలకు అర్థాలు కంఠతా వచ్చు. మైండ్ అంటే మనసు అని, నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. చేరిన మొదటి నెలలోనే ఆ ఇంటి ఇల్లాలు ఒక సాయంత్రం, ‘డూ యు మైండ్ స్టేయింగ్ లేట్ టుడే’ అని అడిగారు. మనసు అన్న అర్థం అక్కడ ఎక్కడా అతకలేదు. పెద్దవారు అడిగినప్పుడు ఔననడమే మర్యాద అనుకొని, రెండు చేతులూ కట్టుకొని ‘యస్ మేడమ్’ అన్నాను. ఆవిడ ముఖం మాడిపోయింది. ఉండడానికి నాకు అభ్యంతరం ఉందని చెప్పినట్లయిందని, అక్కడ ‘నో’ అంటేనే ఒప్పుకున్నట్లని మూడు నెలల తరువాత పక్కింట్లో పనిచేసే కేరళ అమ్మాయి విడమరచి చెప్పింది. మనసు అన్న అర్థంతో పాటు ఇంకో తొమ్మిది అర్థాలు రాయించి ఉన్నా ఆ సాయంత్రం నాకు ఉపయోగపడేవి కావు. మాటను వాక్యంలో వినాలి, ఎవరు ఎవరితో ఎందుకు అన్నారో చూడాలి, అంతే.

రొయ్యల చెరువు (భీమవరం):
చెల్లెమ్మ చెప్పినదే నిజమండి. మా చెరువుల మీద బడి ముఖం చూడని కుర్రవాళ్లు కౌంటు, ఫీడు, సీడు, ఏరేటరు అని రోజంతా మాట్లాడతారు, ఒక్కటీ తప్పుగా వాడరు. కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో అది కౌంటు. 30 కౌంటు అంటే పెద్ద రొయ్య, 100 కౌంటు అంటే చిన్న రొయ్య, అంకె తగ్గేకొద్దీ ధర పెరుగుతుంది. ఈ సంగతి ఏ నోటు పుస్తకమూ చెప్పలేదు, కాటా దగ్గర నిలబడి నేర్చుకున్నారు.

పాత పంతులు:
రొయ్యల చెరువు గారూ, కౌంటు అంటే లెక్క. కిలోకు రొయ్యల లెక్క. మీరు చెప్పినది నా మాటను బలపరిచేదే కాని ఖండించేది కాదు. ఆ కుర్రవాళ్ల తలలో లెక్క అనే తెలుగు మాట ముందే ఉంది కాబట్టి, కౌంటు వెంటనే దాని మీద కూర్చుంది.

రొయ్యల చెరువు:
కూర్చోలేదండి. లెక్క పెరిగితే ఎక్కువ అనుకోవడం సహజం. లెక్క అన్న అర్థం పట్టుకొని వచ్చిన మా బావమరిది మొదటి పట్టుబడిలో 90 కౌంటు వచ్చిందని సంబరపడ్డాడు. కొనుగోలుదారు ధర చెప్పాక గాని అతనికి అసలు సంగతి తెలియలేదు. పైగా అర్థం ఒకచోట నిలవదు. మన పందికొక్కునే ఇంగ్లీషువారు బ్యాండికూట్ అని తీసుకుపోయారు. ఆ పేరే ఆస్ట్రేలియాలో, పొట్టకు సంచి ఉన్న వేరే జంతువుకు పెట్టుకున్నారు. మన మాటే ఇల్లు దాటాక అంత మారినప్పుడు, వాళ్ల మాట మన నోటు పుస్తకంలో ఒక గీత పక్కన కదలకుండా ఉంటుందా?

పాత పంతులు:
పందికొక్కు ప్రస్తావన ఇక్కడికి పొసగదు. కౌంటు అంటే లెక్క కాదని ఏ నిఘంటువులో ఉందో చూపించండి.

కోటిపల్లి రేవు:
కౌంటు సంగతి తరువాత తేల్చుకోండి, ముందు గేదె గురించి అడిగిన ఆయనకు జవాబు చెప్పండి.

ధవళేశ్వరం:
మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. మాకు వరద రోజుల్లో రేడియోలో, ఫోనులో వినపడే మాట డిశ్చార్జ్. బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఇస్తారు. ఆ అంకెతో పాటు ఇన్ని లక్షల క్యూసెక్కుల డిశ్చార్జ్ అని చెబుతారు. 1986 వరద చూసిన మా అమ్మకు ఆ మాట వింటే ఇప్పటికీ గుండె దడ. అదే మాట ఆసుపత్రిలో విన్నప్పుడు, నాన్నగారిని ఇంటికి పంపుతున్నారని చెప్పేదాకా ఆమె బిక్కచచ్చి కూర్చుంది. అయితే రెండు చోట్లా ఉన్నది వదలడమే, నీటిని వదలడం, మనిషిని వదలడం. అన్ని అర్థాలూ వరుసగా రాయించే బదులు, లోపలి అర్థం ఒకటి పట్టిస్తే చాలునేమో.

పాత పంతులు:
ఇది సరైన మాట. అవుట్‌స్టాండింగ్‌లో కూడా నిలబడడం ఉంది. పదిమందిలో పైకి కనిపించేలా నిలబడినవాడు విశిష్టుడు, తీరకుండా నిలబడిపోయిన సొమ్ము బాకీ. మన పెద్దలు దానిని నిలువ బాకీ అనేవారు. నిలువలోనూ ఉన్నది నిలవడమే. చూశారా, తెలుగు వస్తే ఇంగ్లీషు ఎంత తేలికో.

వైనతేయ ఆడపడుచు:
మాస్టారూ, ఇంత అందంగా ఇప్పుడు చెబుతున్నారు. ఆ 31 ఏళ్లలో ఎంతమంది పిల్లలకు ఇలా చెప్పారు? నేను తొమ్మిదో తరగతిలో ఉండగా రెస్పాన్సిబుల్ అంటే బాధ్యత వహించు అని రాయించారు. పాఠంలో ఒకచోట, పంట నష్టానికి వరద రెస్పాన్సిబుల్ అని ఉంది. వరద బాధ్యత ఎలా వహిస్తుందండీ అని లేచి అడిగాను. ఎదురు ప్రశ్నలు వేస్తావా అని నన్ను వసారాలో నిలబెట్టారు. అది పెంకుల బడి. వాన కురుస్తోంది. చూరు నీళ్లు వీపు మీద ధారగా పడుతుంటే, లోపల మిగిలినవారు ఆ అర్థాన్నే ఒకే గొంతుతో అప్పజెబుతుంటే, మధ్యాహ్నం గంట కొట్టేదాకా నిలబడ్డాను. ఆ తరువాత మూడు వారాలకే చదువు మానేశాను. దానికి ఇంట్లో ఇబ్బందులూ కారణమే, కాదనను. కాని మళ్లీ జీవితంలో ఎవరినీ ‘ఇదేమిటి’ అని అడగలేకపోయాను. ఆ సాయంత్రం కువైట్‌లో, మీరన్నది నాకు అర్థం కాలేదమ్మా అని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. ఆ మాట నా నోటికి రాలేదు. మీ అర్థాల పుస్తకం నాకు నేర్పింది ఇంగ్లీషు కాదు, నోరు మూసుకోవడం.

పాత పంతులు:
ఎవరో చేసిన తప్పును నా నెత్తిన రుద్దుతున్నారు. నేను ఏ పిల్లనూ వానలో నిలబెట్టలేదు. బడి అంతటినీ, తెలుగు అంతటినీ ముద్దాయిని చేసి మాట్లాడడం న్యాయం కాదమ్మా.

నా సంగతీ వినండి. 2019 నవంబరులో ప్రభుత్వ బడులన్నిటినీ ఇంగ్లీషు మాధ్యమానికి మారుస్తూ ఉత్తర్వు వచ్చినప్పుడు, తరువాత 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దానిని కొట్టివేసినప్పుడు, మా ఇంట్లో పెద్ద వాదనలే జరిగాయి. మా అబ్బాయి ఆ ఉత్తర్వు మంచిదనేవాడు. పోయిన సంక్రాంతికి మనవడు వచ్చాడు, ఆరో తరగతి. ఇంటరెస్ట్ అంటే ఇంకో అర్థం ఉందిరా, వడ్డీ అన్నాను. వాడు నా వైపు చూసి, వడ్డీ అంటే ఏమిటి తాతయ్యా అన్నాడు. చెప్పాను. అప్పు అన్నాను, అసలు అన్నాను, ఆ రెండు మాటలకూ మళ్లీ అర్థం చెప్పవలసి వచ్చింది. చివరికి వాళ్ల నాన్న వచ్చి ఇంగ్లీషులో చెబితే తలాడించాడు. నేను అర్థాల పుస్తకాన్ని పట్టుకొని వేలాడుతున్నది మార్కుల కోసం కాదు. ఆ గీతకు కుడిపక్కన ఇంకా ఒక తెలుగు మాట ఉంటుంది. మీరు మాన్పించమన్నప్పుడల్లా, కొట్టివేయమంటున్నది ఆ కుడిపక్క అని నాకు వినిపిస్తోంది.

వైనతేయ ఆడపడుచు:
కుడిపక్కను కొట్టివేయమని నేను అనలేదు మాస్టారూ. కేరళ అమ్మాయి నాకు మైండ్ గురించి చెప్పింది ఇంగ్లీషులో కాదు, హిందీ కొంత, మలయాళం కొంత కలిపి చెప్పింది. నేను దానిని మళ్లీ నాలో తెలుగులో చెప్పుకున్నాను, ‘అభ్యంతరమా’ అని. తెలుగు లేకపోతే నాకు అదీ అందేది కాదు. నా గొడవ మాట మీద కాదు, అడగనివ్వకపోవడం మీద. ఆ రోజు నేను అడిగిన ప్రశ్నకు మీరైతే ఏమని చెప్పేవారు?

పాత పంతులు:
కారణం అని చెప్పి ఉండవలసింది. పంట నష్టానికి వరద కారణం. మనిషి విషయంలో బాధ్యత, మనిషి కానిదాని విషయంలో కారణం. మీ ప్రశ్న సరైనది.

ఇంకొక మాట కూడా చెప్పాలి. ఉద్యోగంలో చేరిన మొదటి పదేళ్లలో నన్ను ఆ ప్రశ్న అడిగి ఉంటే నాకు వెంటనే తోచేది కాదు. వానలో నిలబెట్టేవాణ్ణి కాను గాని, కూర్చో, తరువాత చెబుతానని మరిచిపోయినట్లు నటించేవాణ్ణి. అలా కూర్చోబెట్టినవారు ఉన్నారు. మా పంతుళ్లలో చాలామందిమి నిఘంటువులో మొదటి అర్థం దాటి చదివినవాళ్లం కాము. తెలియదని పిల్లల ఎదుట అంటే పరువు పోతుందన్న భయం మాకూ ఉండేది. అవుట్‌స్టాండింగ్‌కు బాకీ అన్న అర్థం నేను బోర్డు మీద ఎన్నడూ రాయలేదు. ఇల్లు కట్టుకోవడానికి అప్పు తీసుకున్నాక తెలిసింది. అయినా అర్థం రాయించడం మానమని మాత్రం నేను చెప్పను.

వైనతేయ ఆడపడుచు:
రాయించండి. మాట ఏ వాక్యంలో ఎదురైందో ఆ వాక్యం ముందు రాయించి, తరువాత అర్థం రాయించండి. అప్పజెప్పించడం మాత్రం మానండి.

పాత పంతులు:
వాక్యం రాయించడానికి ఒప్పుకుంటాను. అప్పజెప్పించడం గురించి నా అభిప్రాయం మారలేదు. పైకి పలకని మాట నాలుకకు పట్టదు.

రొయ్యల చెరువు:
ఇంతసేపూ మనమందరం అవుట్‌స్టాండింగ్ దగ్గరే ఆగిపోయాము. బ్యాంకు ఉత్తరంలో రెండో అంకె ఉంది, దానిని ఎవ్వరమూ చూడలేదు. ఓవర్‌డ్యూ అంటే గడువు దాటినది. మొత్తం బాకీ 84,600 అయినా, గడువు మీరినది 21,150 మాత్రమే. కాలువగట్టు గారూ, మీ వాయిదా ఎంత? ఎన్ని తప్పాయి? ఉత్తరం చివరి వాక్యం ఒక్కసారి ఉన్నది ఉన్నట్లు ఇక్కడ రాయగలరా?

కాలువగట్టు:
వాయిదా 7,050 అండి. మూడు తప్పాయి. చివరి వాక్యం అమ్మాయి చేత చదివించి రాస్తున్నాను: ‘కైండ్లీ క్లియర్ ద ఓవర్‌డ్యూ అమౌంట్ విదిన్ ఫిఫ్టీన్ డేస్’. ఆ 15 రోజులు దాటి వారం అయింది.

వైనతేయ ఆడపడుచు:
క్లియర్ అంటే ఇక్కడ స్పష్టం కాదు, తీర్చడం. గడువు మీరిన సొమ్ము 15 రోజుల్లో తీర్చమని అడిగారు. మొత్తం ఒక్కసారి కట్టమని అందులో ఎక్కడా లేదు. రేపే వెళ్లి, ఆలస్యానికి అదనపు వడ్డీ ఎంత వేశారో అడగండి అన్నయ్యా. అమ్మాయిని వెంట తీసుకువెళ్లండి, ఆమె చేతనే అడిగించండి.

పాత పంతులు:
ఏడు మూళ్లు 21. 7,050ని మూడుతో హెచ్చిస్తే సరిగ్గా 21,150. లెక్క సరిపోయింది. గేదెను అమ్మవద్దు.

కాలువగట్టు:
ఈ రోజు వెళ్లి వచ్చామండి. అదనంగా 312 రూపాయలు పడింది. మూడు వాయిదాలూ చీటీ సొమ్ముతో కట్టాను. కౌంటర్ దగ్గర అమ్మాయి మొదట నా వెనక్కి వెళ్లి నిలబడింది. కాసేపటికి తనే ముందుకు వచ్చి, ఓవర్‌డ్యూకు, అవుట్‌స్టాండింగ్‌కు తేడా ఏమిటండీ అని అడిగింది. అక్కడి ఆవిడ కాగితం వెనుక గీత గీసి చూపించారు. ఇంటికి వచ్చాక పుస్తకం తెరిచి, ఉత్తరంలోని వాక్యం పూర్తిగా రాసి, దాని కింద ‘గడువు మీరిన బాకీ’ అని రాసుకుంది. పాత పేజీలో అవుట్‌స్టాండింగ్ పక్కన అత్యుత్తమమైనది అన్న మాటను కొట్టివేయలేదు, దాని పక్కనే ‘నిలువ బాకీ’ అని చేర్చింది.