డ్రోన్ మోటారు వేడిని థర్మల్ కెమెరా ఎందుకు తగ్గించి చూపిస్తోంది?

అలిపిరి వాసి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. నాలుగు మోటార్ల చిన్న డ్రోన్ ఎంత పరారుణ వికిరణాన్ని వెలువరిస్తుందో కొలవడం మా ప్రాజెక్టు. మా దగ్గర ఉన్నది 160×120 పిక్సెళ్లు, 57 డిగ్రీల వీక్షణ కోణం గల చవకరకం థర్మల్ కెమెరా. డ్రోన్‌ను స్టాండుకు బిగించి పది నిమిషాలు నడిపి, ఆపిన వెంటనే మోటారు లోహపు గుల్లకు థర్మోకపుల్ (తాకించి ఉష్ణోగ్రత కొలిచే తీగల జత) ఆనిస్తే 68 డిగ్రీలు వచ్చింది. మీటరు దూరంలో పెట్టిన కెమెరా మాత్రం అదే సమయానికి 39 చూపించింది. సాయంత్రం పొలంలో 20 మీటర్ల ఎత్తుకు ఎగిరించి కింది నుంచి చూస్తే, మోటారు ఉన్న చోట కేవలం 4 డిగ్రీలు! ఇది చాలదన్నట్టు, స్టాండు మీద మోటారు ఆగిన నిమిషానికి థర్మోకపుల్ అంకె తగ్గకపోగా 74కి పెరిగింది. కెమెరా పాడైందని మిత్రులు అంటున్నారు. తప్పు ఎక్కడ ఉందో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

చిత్తూరు థర్మోగ్రఫీ:

కెమెరా పాడవలేదు తమ్ముడూ. విద్యుత్ ప్యానెళ్లను ఇటువంటి కెమెరాతోనే తనిఖీ చేయడం నా వృత్తి. మెరిసే బస్‌బార్ (ప్యానెల్‌లో విద్యుత్తును మోసే లోహపు పట్టీ) కాలిపోతున్నా చల్లగా కనబడి మోసం చేయడం మాకు నిత్యం ఎదురయ్యే అనుభవమే. కెమెరా ఉష్ణోగ్రతను కొలవదు. తన మీద పడిన వికిరణాన్ని కొలిచి, మీరు సెట్టింగులో ఇచ్చిన ఎమిసివిటీ (వస్తువు తన వేడికి తగిన వికిరణంలో ఎంత వంతు వెలువరిస్తుందో చెప్పే 0 నుంచి 1 లోపు అంకె) ప్రకారం దాన్ని డిగ్రీలుగా మార్చి చూపిస్తుంది. నునుపైన అల్యూమినియం తన వేడికి తగిన వికిరణంలో పదో వంతు కూడా వెలువరించకపోవచ్చు. మిగిలినదంతా చుట్టుపక్కల వస్తువుల ప్రతిబింబమే. మీ 39లో మోటారు వాటా తక్కువ, గది గోడల వాటా ఎక్కువ.

మోటారు పూర్తిగా ఆగాక గుల్ల మీద చిన్న ముక్క నల్ల ఇన్సులేషన్ టేపు అంటించి, అది వేడెక్కేదాకా అర నిమిషం ఆగి, ఎమిసివిటీని 0.95గా పెట్టి ఆ టేపునే చూడండి. తిరిగే మోటారుకు టేపు అంటించే సాహసం మాత్రం చేయవద్దు, ఊడి ప్రొపెల్లరులో చిక్కుకుంటుంది. నడుస్తుండగా కొలవాలంటే గుల్లకు పలుచగా నల్ల మ్యాట్ రంగు వేయడమే మేలు. ప్రతిబింబం ఎంతో తెలియాలంటే, నలిపి తిరిగి పరచిన అల్యూమినియం రేకును మోటారు స్థానంలో పెట్టి, ఎమిసివిటీని 1గా మార్చి చదవండి. ఆ అంకెను ప్రతిబింబ ఉష్ణోగ్రతగా కెమెరాకు ఇవ్వాలి.

ఇక 74 సంగతి. ప్రొపెల్లర్లు తిరుగుతున్నంతసేపు వాటి గాలే మోటారును చల్లబరుస్తుంది. అవి ఆగగానే లోపలి రాగి చుట్టల వేడి బయటి గుల్లకు చేరుతుంది. కాబట్టి ఆపిన తరువాత తీసిన కొలతను ఎగురుతున్నప్పటి కొలతగా నివేదికలో రాయకండి.

భౌతికశాస్త్ర అధ్యాపకురాలు:

పై సమాధానానికి 4 డిగ్రీల లెక్కను చేర్చుతాను, ఎందుకంటే అసలు పాఠం అందులోనే ఉంది. 57 డిగ్రీలను 160 పిక్సెళ్లు పంచుకుంటే ఒక్కో పిక్సెల్‌కు దాదాపు 6.2 మిల్లీరేడియన్ల కోణం (మీటరు దూరంలో 6.2 మిల్లీమీటర్ల వెడల్పు) వస్తుంది. అంటే 20 మీటర్ల దూరంలో ఒక పిక్సెల్ సుమారు 12.4 సెంటీమీటర్ల చదరాన్ని చూస్తుంది. మీ మోటారు 2.8 సెంటీమీటర్ల వెడల్పు, 2 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుందనుకుంటే, ఆ చదరంలో అది ఆక్రమించేది దాదాపు 4 శాతమే. మిగిలినది మోటారును మోసే డ్రోన్ చేయి, ప్రొపెల్లరు, ఆకాశం. మేఘాలు లేని ఆకాశం, ఇటువంటి కెమెరా చూసే 8 నుంచి 14 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యాల పట్టీలో నేల కంటే ఎంతో చల్లగా కనిపిస్తుంది, నడినెత్తిన మరీ చల్లగా, దిగంతం వైపు కాస్త వెచ్చగా. ఆ చలిని మీరు మోటారు ఖాతాలో వేశారు. అదే డ్రోన్‌ను శేషాచలం కొండ బండలు నేపథ్యంగా ఉండేలా పక్క నుంచి చూస్తే, పగలంతా ఎండలో కాగిన రాయి సాయంత్రం వరకు వేడిని విడవదు గనుక, అంకె పూర్తిగా మారిపోతుంది. మోటారు మారలేదు, వెనుక ఉన్నది మారింది.

అందువల్ల నివేదికలో డిగ్రీలు కాకుండా, నేపథ్యంతో తేడాను వాట్ ప్రతి స్టెరేడియన్‌లో (ఒక దిశలో, ప్రమాణ ఘనకోణంలోకి వెళ్లే వికిరణ శక్తి) ఇవ్వండి. ఉదాహరణకు 68 డిగ్రీలు అంటే 341 కెల్విన్. స్టెఫాన్–బోల్ట్జ్‌మన్ నియమం ప్రకారం ఆ ఉష్ణోగ్రత వద్ద కృష్ణ వస్తువు (ఎమిసివిటీ 1 గల ఆదర్శ వస్తువు) చదరపు మీటరుకు సుమారు 767 వాట్లు వెలువరిస్తుంది. 300 కెల్విన్ నేపథ్యం 459 వాట్లు. తేడా 308. దాన్ని π (3.14)తో భాగించి, పక్క నుంచి కనిపించే 5.6 చదరపు సెంటీమీటర్లతోనూ 0.95తోనూ గుణిస్తే ఒక్క మోటారుకు 0.05 వాట్ ప్రతి స్టెరేడియన్ వస్తుంది. ఇది అన్ని తరంగదైర్ఘ్యాలకూ కలిపి. నల్ల రంగు వేసిన మోటారుకు మాత్రమే వర్తిస్తుంది. మీ కెమెరా ఇందులో ఒక భాగాన్నే చూస్తుంది, అయితే వీన్ నియమం ప్రకారం 341 కెల్విన్ వద్ద వికిరణ శిఖరం 8.5 మైక్రోమీటర్ల దగ్గర ఉంటుంది గనుక పట్టీ ఎంపిక సరైనదే.

మోటారు మీద కనీసం మూడు పిక్సెళ్ల వెడల్పు పడేంత దగ్గర నుంచి, అంటే మీటరు దూరం నుంచి, స్టాండు మీదే కొలవడం నా సలహా. ఎగిరించాల్సి వస్తే తిరుమల కొండ వైపు అసలు పోవద్దు. రేణిగుంట విమానాశ్రయం కూడా దగ్గరే గనుక ముందుగా డిజిటల్ స్కై పటం (డ్రోన్లు ఎక్కడ ఎగరవచ్చో చూపే ప్రభుత్వ పటం) చూసుకోవాలి.

అలిపిరి వాసి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న టేపు అంటించి చూస్తే థర్మోకపుల్ 67, టేపు 65, పక్కనే ఉన్న మెరిసే లోహం 38. గుల్ల మీద నల్లటి చిన్న చతురస్రం ఒక్కటే తెరపై తెల్లగా వెలిగింది, అంచు గీత గీసినట్టు కనబడింది. మిగిలిన రెండు డిగ్రీల తేడా మాత్రం అర్థం కాలేదు.

చిత్తూరు థర్మోగ్రఫీ:

కెమెరాను ఆన్ చేసిన వెంటనే చదివారేమో. చల్లబరిచే ఏర్పాటు లేని సెన్సారు ఇది, పావుగంట వేడెక్కనివ్వండి; మధ్యమధ్య కెమెరా తనను తాను సరిచేసుకోవడానికి మూసే షట్టరు టిక్కుమన్న తరువాతే అంకె రాసుకోండి. స్టీలు గిన్నెకు బయట నల్ల మ్యాట్ రంగు వేసి, ఒకసారి మంచు ముక్కలు కలిపిన నీటితో, ఒకసారి థర్మామీటరు పెట్టిన వేడినీటితో నింపి, గిన్నె బయటి పక్కను కెమెరాతో చూసి తేడా పట్టిక వేసుకోండి. మంచు గిన్నెకు చెమ్మ పడితే తుడిచి చదవాలి.

అలిపిరి వాసి:

మంచు నీటి గిన్నె 1.5 చూపిస్తోంది, వేడినీళ్లు 70 ఉంటే కెమెరా 68 అంటోంది. పట్టిక వేసి, శనివారం నాలుగు మోటార్లకూ రంగు పూసి మళ్లీ మొదటి నుంచి కొలుస్తాను.