‘స్ట్రైక్-స్లిప్’ అంటే సమ్మె కాదు, ఇక్కడ ‘నియంత్రణ’ అంటే అదుపూ కాదు

ప్రశ్న: ఇండోనేషియాలోని సుమత్రా దీవి మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. “ఖండాల అంచుల్లో స్ట్రైక్-స్లిప్ భ్రంశాలు అగ్నిపర్వతాలను నియంత్రిస్తాయి” అని రాస్తే, చదివినవాళ్లు “అంటే పేలకుండా ఆపుతాయా?” అంటున్నారు. ఏం మార్చమంటారు?

జవాబు: వాళ్ల అనుమానం సబబేనండీ. ధరల నియంత్రణ, జనాభా నియంత్రణ అన్నప్పుడు మనకు వినిపించేది అదుపే. భ్రంశం, అంటే రెండు పక్కల రాళ్లూ ఒకదాన్నొకటి రాసుకుంటూ జరిగే నేల పగులు, మాగ్మాను (భూమి లోపల కరిగిన రాతిని) ఆపదు, పుట్టించదు. పక్కదాని కిందికి దూరిన పలక (భూమి పైపెంకులోని పెద్ద ముక్క) సుమారు వంద కిలోమీటర్ల లోతుకు చేరాక దాన్నుంచి నీరు వెలువడి, పైనున్న మాంటిల్ (భూపటలం కింది రాతిపొర) కొంత కరుగుతుంది. మాగ్మా పుట్టేది అక్కడ. అది ఏ దారిన పైకి రావాలన్న దాంట్లోనే భ్రంశం పాత్ర. “మాగ్మా ఎక్కడ పైకి తేలాలో కొన్నిచోట్ల ఈ భ్రంశాలే తేలుస్తాయి” అనండి.

ఇక స్ట్రైక్. యంత్రానువాదానికి వదిలితే సమ్మె చేసి కూర్చుంటుంది. ఏటవాలు రాతితలం మీద అడ్డంగా, మట్టసంగా గీసిన గీత ఏ దిక్కుకు పోతుందో అదే స్ట్రైక్. జారుడు ఆ దిక్కు వెంబడే కాబట్టి “పక్కజారుడు భ్రంశం” నాకు నచ్చుతుంది.

ఇంకొకరు: పేరు బాగుంది. కానీ అసలు కథంతా భ్రంశం తెగి పక్కకు తప్పుకునే చోట్ల ఉంది. సుమత్రా దగ్గర సముద్రపు పలక ఏటవాలుగా వచ్చి గుద్దుతుంది. ఆ నెట్టుడులో ఎదురుగా నెట్టే భాగాన్ని కందకం (ఆ పలక కిందికి దూరే చోట సముద్రం అడుగునున్న లోతైన గాడి) భరిస్తే, పక్కకు ఈడ్చే భాగంలో చాలామటుకు దీవి పొడవునా సాగే 1,900 కి.మీ. సుమత్రా భ్రంశం మీద పడుతుంది. ఇది కుడివాటం: ఒక ఒడ్డున నిలబడి చూస్తే ఎదుటి ఒడ్డు మీ కుడికి జరుగుతుంది. ఇలాంటి భ్రంశంలో ఒక తునక ఆగి తర్వాతిది కుడిపక్కన మొదలైతే, మధ్య నేల సాగి కుంగుతుంది, మాగ్మాకీ వేడినీటికీ దారి దొరుకుతుంది. ఎడమపక్కన మొదలైతే నలిగి ఉబ్బుతుంది. ఎడమవాటానికి ఇదంతా తిరగేసి రాయాలి. అనువాదాల్లో ఎక్కువగా తప్పేది ఇక్కడే.

దక్షిణ సుమత్రాలోని సువో లోయ అలా కుంగినదే. 1933 జూన్ 24న లివా భూకంపం వచ్చిన రెండు వారాలకు అక్కడ పెద్ద పేలుళ్లు జరిగాయి. అవి నేలలోని వేడినీరు ఆవిరై పేలినవి. “లావా ఎగజిమ్మింది” అని రాయకండి, “ఆవిరి పేలుడు” చాలు.

ప్రశ్న అడిగినవారు: బనగానపల్లె దగ్గర జ్వాలాపురంలో దొరికిన బూడిద సుమత్రాలోని టోబా అగ్నిపర్వతానిదే కదా? ఈ భ్రంశం వల్లే టోబా పేలిందని ముందుమాటలో పెట్టొచ్చా?

జవాబు: బూడిద టోబాదే, సుమారు 74 వేల ఏళ్ల నాటిది. “వల్లే” మాత్రం వద్దండీ. భ్రంశం టోబా సరస్సుకు నైరుతిగా సాగిపోతుంది, మధ్యలోంచి కాదు. సుమత్రాలో చాలా అగ్నిపర్వతాలు భ్రంశపు గీత మీద లేవు, కాస్త ఎడంగా ఉన్నాయి. పైగా కార్యకారణాలు తిరగబడే వీలూ ఉంది: మాగ్మా వేడికి మెత్తబడ్డ భూపటలం తేలిగ్గా తెగుతుంది కాబట్టి, భ్రంశమే అగ్నిపర్వతాల వరుసను వెతుక్కుంటూ వచ్చి ఉండొచ్చు. నేనిచ్చిన వాక్యంలో “కొన్నిచోట్ల” ఉంది చూశారూ, నిడివి తగ్గించేటప్పుడు దాన్ని కొట్టేయకండి.